సమస్యాపూరణం: మూసి యున్నట్టి కొట్టులో మోసపోతి

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య తేటగీతి పాదం. ఇది నాలుగో పాదం, పై మూడూ మీరు రాయాలి:

*మూసి యున్నట్టి కొట్టులో మోసపోతి*

సందర్భం ప్రయాణం. పెద్ద నగరానికి వెళ్ళి, పొద్దస్తమానం బజార్లు తిరిగి, ఉసూరుమంటూ బసకు చేరినవాడి మాటగా రాయండి. మూసిన కొట్లో మోసపోవడం ఎలా కుదురుతుందన్న చిక్కు విడిపోవాలి. కొత్తవారి కోసం: పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు (గణమంటే లఘువులు, గురువులు, అంటే పొట్టి, పొడుగు అక్షరాల గుంపు). నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో కలవాల్సిన చోటు. ఇచ్చిన పాదంలో మూ, మో. ప్రాస (అన్ని పాదాల్లో రెండో అక్షరం కలవడం) నియమం లేదు, యతికి బదులు ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి చెల్లుతుంది. ఫోను, బోర్డు లాంటి మాటలు నిరభ్యంతరంగా వాడుకోవచ్చు.

బాటసారి:

ఆదివారము పూట నే నరుగుదెంచి
పేరు వినినట్టి వీధులు పెక్కు దిరిగి
తెరచి యుందని ఫోనులో తెలియ నమ్మి
మూసి యున్నట్టి కొట్టులో మోసపోతి

నిర్వాహకుడు:
నడక బాగుంది. రెండో పాదంలో ‘పేరు వినినట్టి వీధులు’ చదవగానే కాళ్ళు లాగాయి. అయితే చిక్కు చిక్కుగానే మిగిలింది. కొట్టు మూసి ఉంటే మీరు మోసపోయింది గుమ్మం ముందు, ‘కొట్టులో’ కాదు కదా! ఇచ్చిన పాదాన్ని మార్చే వీల్లేదు కనుక లోపలికి వెళ్ళే దారి పై మూడు పాదాల్లోనే చూపించాలి.

సంచీమోత:

రంగు దీపాల కాంతిలో రాత్రి మరచి
యడిగినంతయు బేరమే యాడకిచ్చి
కాళ్ళు నొచ్చిన వేళలో కనులు రెండు
మూసి, యున్నట్టి కొట్టులో మోసపోతి

నిర్వాహకుడు:
భేష్! ‘మూసి’ దగ్గర కామా పెట్టి విరిచేశారు. మూసింది కొట్టు కాదు, కళ్ళు. సమస్య సగం అక్కడే తీరిపోయింది. ‘బేరమే యాడకిచ్చి’ కూడా నిజం. నాలుగు వీధులు తిరిగాక బేరమాడే ఓపిక ఎవరికుంటుంది? అలిసినవాడి జేబు తేలిగ్గా తెరుచుకుంటుంది, ఆ సంగతి అమ్మేవాళ్ళకి మనకంటే బాగా తెలుసు.

ఒక్క లోపం. విరిచాక ‘ఉన్నట్టి కొట్టు’ గాల్లో వేలాడుతోంది. ఎక్కడ ఉన్నట్టి? ‘వేళలో’ తీసి ‘చోటనే’ వేసి చూడండి: *కాళ్ళు నొచ్చిన చోటనే కనులు రెండు*. గణం మారదు, రెండూ రగణాలే (గురువు, లఘువు, గురువు). ఎక్కడ కాళ్ళు నొచ్చాయో అక్కడున్న కొట్టు అని అన్వయం కుదురుతుంది.

సంచీమోత:
మార్చుకున్నాను, ధన్యవాదాలు. యతి తప్పుతుందేమోనని ఒకటే టెన్షన్, అన్వయం చూసుకోనేలేదు.

పాదచారి:

వేడ్క నిస్తాంబులందున వీధులరయ
పైన కప్పున్న సందులు పదులు కొలది
యెండ వానలు సోకక యెల్ల దెసల
మూసి యున్నట్టి కొట్టులో మోసపోతి

నిర్వాహకుడు:
ఊరి పేరుని రెండు గణాల మీద పరిచిన తీరు ముచ్చటగా ఉంది. ఇస్తాంబుల్‌లోని గ్రాండ్ బజార్ 1453 తర్వాత, ఒట్టోమన్ సుల్తాను రెండో మెహ్మెద్ కాలంలో మొదలైంది. సుమారు 60 వీధులు, వేల కొట్లు, అన్నిటికీ పైకప్పు. కాబట్టి ‘పదులు కొలది’ అతిశయోక్తి కాదు, ‘మూసి’కి పైకప్పు పరిష్కారమూ సహజంగా అమరింది. కానీ మూడు పాదాలూ వర్ణనకే పోయాయి. తీరా నాలుగో పాదంలో మోసం హఠాత్తుగా ఊడిపడింది. ఏం కొన్నారు, ఏం తేలింది? కనీసం అర పాదమైనా అటు కేటాయించండి.

బాటసారి:
ఆ బజారుకి ఆదివారం సెలవు. పాదచారి గారు ఆ రోజున వెళ్ళుంటే నా పద్యమే సరిపోయేది!

అద్దాలమేడ:

ఊరు మారిన మారని పేరు గలవి
యింట నున్నట్టి వానినే యేరికొంటి
చలువ పోకుండ నద్దాల తలుపులన్ని
మూసి యున్నట్టి కొట్టులో మోసపోతి

పాదచారి:
మూడో పాదంలో యతి ఏదండీ? చ, త కలవవు.

నిర్వాహకుడు:
‘చలువ’, ‘తలుపు’: రెండో అక్షరం లకారం కలిసింది, వాటి ముందువి రెండూ లఘువులే. ప్రాసయతి. మొదటి పాదంలో ‘ఊరు’, ‘పేరు’ కూడా అంతే, అక్కడ ముందువి రెండూ గురువులు. తేటగీతిలో దోషం కాదు.

నా మట్టుకు ఈ వారం ఉత్తమ పూరణ ఇదే. తలుపు మూసి ఉంది, కొట్టు తెరిచే ఉంది. పదాలు విరవకుండానే చిక్కు వీడింది. పైగా అసలు నిరాశని పట్టుకున్నది ఈ పద్యమే. లండన్ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లోనూ టోక్యో గింజాలోనూ పైన వెలిగే బోర్డుల్లో సగం మనం ముందే చూసేసినవి. అంత దూరం వెళ్ళి, అలమరలో ఉన్న చొక్కాకి జత కొనుక్కుని వస్తాం. ఇక్కడ దుకాణదారు పైసా మోసం చెయ్యలేదు, అయినా ‘మోసపోతి’ అనిపిస్తుంది. ‘యేరికొంటి’లో ఆ ఎత్తిపొడుపు ఉంది.

సంచీమోత:
గింజా అంటే గుర్తొచ్చింది. అక్కడ వారాంతాల్లో మధ్యాహ్నం పూట పెద్ద వీధిలోకి వాహనాలు రానివ్వరు, 1970 నుంచీ ఉంది ఆ పద్ధతి. కొట్టుకి బదులు వీధిని మూస్తే?

వాహనములను రానీక వరుస వీధి
మూసి, యున్నట్టి కొట్టులో మోసపోతి

నిర్వాహకుడు:
ఊహ కొత్తది, గణాలు సరిపోయాయి. ‘వరుస’ మాత్రం యతి కోసం అరువు తెచ్చిన మాట. వకారానికి ప, బ వర్ణాలు కూడా చెల్లుతాయి, ఆ వైపు వెతకండి. ఇంకో సంగతి: వీధి మూసింది వాళ్ళు, మోసపోయింది మీరు. ‘మూసి’ అన్న క్త్వార్థానికి (ముందు జరిగిన పనిని చెప్పే అసమాపక క్రియకి), ‘మోసపోతి’కి కర్త ఒకరే కావాలి. కళ్ళ పూరణలో ఆ ఇబ్బంది లేదు. మొదటి రెండు పాదాలతో పాటు దీన్నీ సరిచేసి పెట్టండి, గడువు రేపు రాత్రి వరకు.