బ్రిటిష్ దర్శకుడు టెరెన్స్ డేవిస్ చిత్రంలో పాటల గురించి ఒక సందేహం
1988లో వచ్చిన ‘డిస్టెంట్ వాయిసెస్, స్టిల్ లైవ్స్’ ఇటీవల చూశాను. 1940, 50 దశకాల లివర్‌పూల్ కార్మిక కుటుంబంలో తండ్రి దౌర్జన్యాన్ని, పెళ్లిళ్లను, పబ్బులో అందరూ కలిసి పాడుకునే పాటలను ఈ చిత్రం కాలక్రమంలో కాక, జ్ఞాపకం ఎటు లాగితే అటు వెళ్తూ చూపుతుంది. అది నాకు ఇబ్బందిగా అనిపించలేదు. తండ్రి తల్లిని కొడుతున్న దృశ్యంపై అమెరికన్ జాజ్ గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్ ప్రేమగీతం వినిపించడం మాత్రం మింగుడుపడటం లేదు. అది వ్యంగ్యమా, లేక ఆ ఇంటివాళ్లకు పాటా దెబ్బా కలిసే గుర్తుండిపోయాయని దర్శకుడి భావమా? పైగా ఇది డేవిస్ సొంత కుటుంబ కథే అయినా, ఆయనకు ప్రతినిధిగా నిలిచే పిల్లవాడు ఇందులో లేడు. దీనికి కారణమేమిటి? ఈ రెండు విషయాలపై ఆయన స్వయంగా మాట్లాడిన ఇంటర్వ్యూలు గాని, లోతైన విమర్శవ్యాసాలు గాని తెలిసినవారు దయచేసి సూచించగలరు.