“కంట్రోలు బియ్యం”లో ఆ కంట్రోలు ఎక్కడిది?

ప్రశ్న: మా అమ్మమ్మ ఇప్పటికీ రేషన్ షాపుని కంట్రోలు షాపనే అంటుంది. బోర్డు మీద చూస్తే చౌక ధరల దుకాణం. ఈ ‘కంట్రోలు’ ఊళ్లలోకి ఎలా వచ్చింది?

జవాబు: యుద్ధం తెచ్చింది. 1939లో బ్రిటన్ తనతోపాటు మనల్నీ యుద్ధంలోకి దింపింది. భారత రక్షణ నిబంధనల పేరుతో, ఏ సరుకు ఎవరు ఎంతకి అమ్మాలో చెప్పే అధికారం సర్కారు చేతికి వచ్చింది. బియ్యం, చక్కెర, కిరసనాయిలు, బట్ట ఒక్కొక్కటే ‘కంట్రోల్ ఆర్డర్ల’ కిందికి పోయాయి. ఆ ఆర్డర్ల పేరే జనం నోట కంట్రోలు బట్ట, కంట్రోలు రేటు, కంట్రోలు బియ్యం అయిందని నా లెక్క.

మాట పుట్టుక కన్నా అది పోకపోవడమే నాకు ఆసక్తి. 1945లో యుద్ధం అయిపోయింది. 1946లో నిత్యావసర సరఫరాల చట్టం వచ్చింది. దాని పేరులోనే ‘తాత్కాలిక అధికారాలు’ అని ఉంది! గాంధీ పట్టుబట్టగా 1947 డిసెంబరులో ఆహార కంట్రోళ్లు సడలించారు, మరుసటి ఏడే మళ్లీ బిగించారు. 1955లో తాత్కాలికం కాస్తా నిత్యావసర సరుకుల చట్టమై స్థిరపడింది. కంపెనీ షేర్లు జారీ చేయాలంటే ఢిల్లీ అనుమతి కావాలన్న నిబంధన 1943 నాటిది, అదీ యుద్ధం కోసమే. అది పోయింది 1992లో.

రాజ్యాధికారం ఎంత తగ్గితే అంత మేలనే లిబర్టేరియన్లు ఎప్పటినుంచో చెప్పేది ఇదే. యుద్ధం వచ్చినప్పుడల్లా ప్రభుత్వం పెరుగుతుంది, శాంతి వచ్చాక కొంత తగ్గినా పాత మట్టానికి మాత్రం రాదు. అమెరికన్ ఆర్థికవేత్త రాబర్ట్ హిగ్స్ 1987లో దీన్ని ముందుకే తిరిగి వెనక్కి తిరగని పళ్ల చక్రంతో పోల్చాడు. అమెరికాలో ఆదాయపు పన్ను అత్యధిక రేటు 1913లో 7 శాతం, 1918లో 77. మన దేశంలో ఆ పన్ను 1860లో మొదలైంది, 1857 తిరుగుబాటు ఖర్చులు పూడ్చడానికి. పెట్టినవాడు జేమ్స్ విల్సన్, స్వేచ్ఛా వాణిజ్యం కోసం ‘ది ఎకనమిస్ట్’ పత్రిక స్థాపించిన పెద్దమనిషి! (మార్కెట్లని మెచ్చుకుంటూనే యుద్ధానికి చప్పట్లు కొట్టేవాళ్లు ఇవాళా తక్కువేం లేరు.)

మనవైపు దీన్ని రాజాజీ పట్టుకున్నారు. 1952లో మద్రాసు ముఖ్యమంత్రిగా ఆహారధాన్యాల కంట్రోలు ఎత్తేశారు. అప్పటికి కోస్తా, సీమ జిల్లాలు మద్రాసులోనే ఉన్నాయి. 1959లో స్వతంత్ర పార్టీ పెట్టారు, అధ్యక్షుడు నిడుబ్రోలు రైతుబిడ్డ ఎన్.జి. రంగా. ప్రతి పనికీ సర్కారు అనుమతి కావాలనే పాలనకి పెట్టిన ‘పర్మిట్ లైసెన్స్ రాజ్’ అన్న తిట్టు రాజాజీదే.

మరో సభ్యుడు: ఒక్క మాట అడగనివ్వండి. 1943 మార్చిలో బెంగాల్ ప్రభుత్వం బియ్యం ధర మీద కంట్రోలు ఎత్తేసింది. ధర కొండెక్కింది, కరువులో లక్షల మంది పోయారు. దీనికేమంటారు?

జవాబు: న్యాయమైన ప్రశ్నే. కానీ అప్పటికే బర్మా జపాన్ చేతికి పోయి అక్కడి బియ్యం ఆగింది. శత్రువుకి దక్కకూడదని తీరంలో పడవలు, ధాన్యం సర్కారే లాక్కుంది. పక్క రాష్ట్రాల నుంచి ధాన్యం కదలకుండా ఆంక్షలూ ఉన్నాయి. అన్ని కాళ్లూ కట్టేసి ఒక్క ధరని వదిలితే దాన్ని స్వేచ్ఛా మార్కెట్ అనలేం. అయినా ఆ ఏడు కలకత్తాలో ఆకలితో ఉన్నవాడికి మార్కెట్ సిద్ధాంతం చెప్పే ధైర్యం నాకు లేదు. రేషన్ కావాల్సిందే. నా పేచీ యుద్ధం ముగిశాక కూడా ఉండిపోయిన వాటితో.

మరొకరు: ‘లెవీ’ని మర్చిపోయారు, అంటే పంటలో ఇంత భాగం సర్కారు చెప్పిన ధరకి ఇచ్చి తీరాలన్న నిబంధన. నిజాం రాజ్యంలో రైతుల దగ్గర లెవీ ధాన్యం గుంజుకోవడం తెలంగాణ సాయుధ పోరాటానికి ఒక కారణం. మా తాత ఆ మాటని బూతులాగే వాడేవాడు.

జవాబు: అవును, లెవీ చేర్చాల్సిందే. ‘బ్లాకు’ కూడా. కంట్రోలు రేటుకి దొరకనిది బ్లాకులో కొనేవారు. నల్లబజారు అని రాసుకున్నది పత్రికలే, జనం మాత్రం సినిమా టికెట్ల దాకా బ్లాకే అన్నారు.