అమెరికా హిస్పానిక్ కుటుంబాలకు ఒకే స్పానిష్ యాడ్ చాలా?

ప్రశ్న: అమెరికాలో హిస్పానిక్ కుటుంబాలకు, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న వాళ్లకి, వంట సరుకుల ప్రచారం. మే 5న, సింకో డి మాయో అనే మెక్సికన్ వేడుకకి, దేశమంతా ఒకే స్పానిష్ యాడ్ వేద్దామనుకుంటున్నాం. సరిపోతుందా?

జవాబు 1: సరిపోదండి. మే 5 మెక్సికో స్వాతంత్ర్య దినం కాదు, 1862లో మెక్సికోలోని ప్యూబ్లా దగ్గర మెక్సికో సైన్యం ఫ్రెంచి సైన్యాన్ని ఓడించిన రోజు. క్యూబా, డొమినికన్ మూలాల వాళ్లకి దాంతో సంబంధమే లేదు. మెక్సికో స్వాతంత్ర్య దినం సెప్టెంబర్ 16. గ్వాటెమాలా, హోండురాస్, ఎల్ సాల్వడార్‌లది 15. హిస్పానిక్ వారసత్వ మాసం సెప్టెంబర్ 15న మొదలయ్యేది అందుకే.

సరుకులకి అసలు సీజన్ డిసెంబర్. మెక్సికన్ ఇళ్లలో తమాలెలు (మొక్కజొన్న పిండిలో కూరి, చుట్టి ఆవిరి మీద ఉడికించేవి) చేస్తారు: మాసా అనే మొక్కజొన్న పిండి, ఎండుమిర్చి, చుట్టడానికి మొక్కజొన్న కండె మీది ఎండు ఆకులు కావాలి. ప్యూర్టోరికో వాళ్లు అలాగే చుట్టి చేసే పస్తెలెస్‌కి పచ్చి అరటికాయలు, చుట్టడానికి అరటాకు. పెద్ద విందు క్రిస్మస్ ముందు రోజు, 24 రాత్రి. జనవరి 6న ముగ్గురు రాజుల పండుగ (పసి యేసును చూడవచ్చిన ముగ్గురి పేరిట చేసేది) ఉంది కాబట్టి 26నే యాడ్ ఆపేస్తే సగం సీజన్ వదిలేసినట్టే.

జవాబు 2: ఊరిని బట్టి సరుకు మార్చండి. మయామీలో క్యూబన్లకి నల్ల చిక్కుడు గింజలు, లాస్ ఏంజెలెస్‌లో మెక్సికన్లకి పింటో అనే మచ్చల చిక్కుడు గింజలు. అమెరికాలోనే పుట్టిన పిల్లలు ఎక్కువగా ఇంగ్లీషులోనే చూస్తారు, కాబట్టి రెండు భాషల్లోనూ విడిగా రాయించండి, అనువాదం వద్దు.

జవాబు 3: మేలోనే చేయాలంటే 10వ తేదీ చూడండి. మెక్సికోలో అమ్మల దినం ఏ వారమైనా ఆ రోజే. అమెరికాది రెండో ఆదివారం. చాలా ఇళ్లలో రెండూ చేస్తారు.