ప్రెస్సుల్లో పాత విండోస్‌తోనే నెట్టుకురావాలా, విండోస్ 11కు మారాలా?

పాలకొల్లు డీటీపీ:
పెళ్ళిపత్రికలు, బిల్లుబుక్కులు, తీర్థాల కరపత్రాలు వేసే చిన్న ప్రెస్సు మాది. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత కంప్యూటర్లలో టీపీఎం 2.0 (విండోస్ 11 అడిగే భద్రతా చిప్పు) లేనందున విండోస్ 11తో కొత్తది ఒకటి కొన్నాము. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7 తెరుచుకుంటోంది గాని, మా తెలుగు ఫాంట్ల ప్యాకేజీ డాంగిల్ (కంప్యూటరుకు తగిలిస్తేనే ప్యాకేజీ నడిచే తాళంచెవి లాంటి పరికరం) మాత్రం పని చేయడం లేదు. నిరుటి పెళ్ళిపత్రిక తెరిస్తే ‘శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు’ ఉండవలసిన చోట ఇంగ్లీషు అక్షరాలూ చుక్కలూ కలగాపులగంగా కనిపిస్తున్నాయి. ప్యాకేజీ అమ్మినవారు కొత్త వెర్షను కొనుక్కోమంటున్నారు. మూలనున్న విండోస్ 7 యంత్రం మీదే పని సాగించడం మంచిదా, ఖర్చుకు ఓర్చి పూర్తిగా మారిపోవడం మంచిదా, అనుభవమున్నవారు చెప్పగలరు.

భీమవరం ఆఫ్‌సెట్:
మారవద్దనే నా మాట. జగ్గన్నతోట ప్రభల తీర్థం కరపత్రమైనా, రొయ్యల మేత దుకాణం బిల్లుబుక్కయినా మనం చేసేది పాత ఫైలు తెరిచి తేదీలూ పేర్లూ మార్చడమే కాబట్టి ఆ ఫైళ్ళే మన పెట్టుబడి. మాఘమాసం ముహూర్తాల్లో పొద్దున మ్యాటరు ఇచ్చిన పార్టీ సాయంత్రానికల్లా ప్రూఫు అడుగుతుంది, అప్పుడు డాంగిల్‌తో కుస్తీ పడుతూ కూర్చోగలమా? డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేరును విండోస్ మారినప్పుడల్లా మళ్ళీ కొనాలనడం ఏ న్యాయం? నెట్టు తీసేస్తే పాత యంత్రానికి వచ్చే ముప్పేమిటి?

కాకినాడ సర్వీసు:
న్యాయం సంగతిలో మీతో ఏకీభవిస్తాను, ముప్పు సంగతిలో కాదు. నెట్టు తీసినా పార్టీలు తెచ్చే పెన్‌డ్రైవులు ఆగవు, వైరసుకు ఆ దారి చాలు.

ఇక అసలు చిక్కు. విండోస్ 11 కేవలం 64 బిట్లలోనే వస్తుంది. 2001లో విడుదలైన పేజ్‌మేకర్ 7 32 బిట్ల ప్రోగ్రాము; అలాంటి ప్రోగ్రాములను 64 బిట్ల విండోస్ కూడా నడపగలదు గనుక అది తెరుచుకుంటోంది. కానీ 32 బిట్ల డ్రైవరు (పరికరాన్ని విండోస్‌తో కలిపే చిన్న ప్రోగ్రాము) 64 బిట్ల విండోస్‌లో ఎక్కదు, పైగా డ్రైవరుకు డిజిటల్ సంతకం ఉండాలి. డాంగిల్ పని చేసేది డ్రైవరు మీదే. కంపాటిబిలిటీ మోడ్ అనేది ప్రోగ్రామును ‘నువ్వు పాత విండోస్‌లోనే ఉన్నావు’ అని నమ్మిస్తుందే తప్ప డ్రైవరును ఏమీ చేయలేదు, కాబట్టి దానిమీద సమయం దండగ. మీది యూఎస్‌బీ డాంగిల్ అయితే, కొత్త యంత్రంలోనే వర్చువల్ మెషీను (కంప్యూటరులో కంప్యూటరులా నడిచే సాఫ్ట్‌వేరు) పెట్టి, అందులో 32 బిట్ల విండోస్ 7 ఎక్కించి, డాంగిల్‌ను దానికి అప్పగించి చూడండి. పాతకాలపు ప్రింటరు పోర్టుకు తగిలించే డాంగిల్ అయితే ఈ ఉపాయం మీద ఆశ పెట్టుకోవద్దు.

అమలాపురం బుక్‌వర్క్:
అది వాయిదా మాత్రమే. ఆ ఫైళ్ళలో ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల కోడ్లు. వాటికి తలకట్లూ వత్తులూ తొడిగేది ఫాంటు. ఫాంటు లేకపోతే వేషం తీసిన భాగవతులే! అన్ని భాషల అక్షరాలకూ విడివిడి కోడ్లిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచీ సొంత చోటుంది గాని పేజ్‌మేకర్ దాన్ని స్వీకరించదు. పేజీలు కూర్చే మరో సాఫ్ట్‌వేరు, 2012లో వచ్చిన ఇన్‌డిజైన్ సీఎస్6 యూనికోడ్ తెలుగును సరిగా కూరుస్తుంది, పేజ్‌మేకర్ ఫైళ్ళను తెరవగల చివరి ఇన్‌డిజైన్ కూడా అదే. ఇప్పుడది అమ్మకంలో లేదు. ఎవరి దగ్గరైనా లైసెన్సు ఉంటే, అది పనిచేస్తున్నప్పుడే పాత పేజీలను దాటించుకోవాలి. అక్షరాలను మాత్రం కన్వర్టరుతో విడిగా యూనికోడ్‌లోకి మార్చుకోవలసిందే.

భీమవరం ఆఫ్‌సెట్:
కన్వర్టరు పెట్టి చూశానండి. ‘లక్ష్మి’, ‘శాస్త్రి’ వంటి పేర్లలో వత్తులు తారుమారవుతున్నాయి. లక్ష్మి లేని పెళ్ళిపత్రిక మన వైపు ఎన్నడైనా చూశారా? పెళ్ళికూతురి పేరు తప్పు పడితే కార్డులన్నీ మన ఖర్చుతో మళ్ళీ వేయాలి. ఏళ్ళ తరబడి పోగుపడిన ఫైళ్ళన్నిటికీ ప్రూఫు చూసే మనిషికి జీతం ఎవరిస్తారు?

అమలాపురం బుక్‌వర్క్:
అన్నీ మార్చమనలేదు. ఏటా తిరిగొచ్చే కరపత్రాలూ బిల్లుబుక్కులూ మార్చుకుంటే చాలు. పెళ్ళిపత్రికలకు నాలుగు నమూనాలు ఉంచుకుని, మ్యాటరు యూనికోడ్‌లో కొత్తగా కొట్టుకోవడమే తేలిక.

పాలకొల్లు డీటీపీ:
మాది యూఎస్‌బీ డాంగిలే. ప్రస్తుతానికి వర్చువల్ మెషీనుతో బండి లాగించి, పెళ్ళిళ్ళు లేని ఆషాఢంలో తీర్థాల ఫైళ్ళతో మార్పిడి మొదలుపెడతాము. తణుకు, రావులపాలెం వైపు సీఎస్6 లైసెన్సు ఉన్నవారెవరైనా ఉంటే, పేజీకి ఎంత తీసుకుంటారో తెలియజేయగలరు.