హెచ్‌1బి లాటరీ టెన్షన్, మీరెలా ఆగుతున్నారు?

ప్రశ్న: అమెరికాలో ఉన్న తమ్ముడి హెచ్‌1బి (అక్కడి వర్క్ వీసా) లాటరీ స్టేటస్ ఇంకా సబ్మిటెడ్ అనే ఉంది, సెలెక్టెడ్ అని రాలేదు, వాడు లాయర్‌కి మెయిల్ మీద మెయిల్ కొడుతున్నాడు, ఇక్కడ అమ్మ చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లి 11 ప్రదక్షిణలు చేసొచ్చింది. వీళ్లకి ఏం చెప్పాలి?

జవాబు 1: ఏడాదికి ఉన్న వీసాలే 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకి ఇంకో 20,000. మెయిల్ పెడితే పెరుగుతాయా బ్రో?

జవాబు 2: అమ్మగారే నయం అండి. తన చేతిలో ఉన్న పని చేసేశారు, వీసా వస్తే మొక్కు తీర్చడానికి 108 ప్రదక్షిణలు అని లెక్క కూడా రెడీ. నేనూ తిరిగా, ప్రదక్షిణలు లెక్కపెట్టుకునే ఆ కార్డు మీద అంకెలు కొట్టేసుకుంటూ ఉంటే అసలు ఫోనే గుర్తురాలేదు, దేవుడి సంగతి తర్వాత.

జవాబు 3: సబ్మిటెడ్ అంటే పోయినట్టు కాదు, 2023, 2024లో రెండో రౌండ్ తీశారు. స్టెమ్ ఓపీటీ (చదువయ్యాక అక్కడ పనిచేసుకోడానికి ఇచ్చే పర్మిషన్) ఎన్నాళ్లుందో ముందు చూస్కోమనండి.