మిద్దెతోట ఒక్కసారే విరగకాసింది: ఏది పంచాలి, ఏది దాచాలి?

పాదు_పందిరి (ప్రశ్న)

హైదరాబాద్, అపార్ట్‌మెంటు మిద్దె మీద తోట. పందిరి చిక్కుడు 2 పాదులు, టమాటా 14 గ్రో బ్యాగులు, వంగ 6, సొర పాదు 1, డ్రమ్ములో జామ 1. జనవరి మూడో వారం నడుస్తోంది. రెండు రోజులకోసారి చిక్కుళ్లు కిలోన్నర, టమాటాలు 2 కిలోలు దిగుతున్నాయి. ఇంట్లో నలుగురం, కింద 12 ఇళ్లు. సంచి నింపి ఇస్తే అవతలివాళ్ల ఫ్రిజ్‌లో వాడిపోతున్నాయి.

ఎవరికి ఎంత ఇస్తే వండుకుంటారు? మిగిలినవాటిలో ఏవి నిల్వకు ఆగుతాయి? ఇంకోటి, నిన్నటి సొరకాయ కాస్త చేదుగా ఉంది. మిగతా కాయలు పంచవచ్చా?

గోరు_గిల్లి

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, అదే అర్జెంటు. పంచకండి. చేదు సొరలో కుకుర్బిటాసిన్లు అనే విషపదార్థాలుంటాయి. తింటే వాంతులు, విరేచనాలు, తీవ్రమైన కడుపునొప్పి, ఒక్కోసారి రక్తపు వాంతులు, బీపీ పడిపోవడం వరకూ వెళ్తుంది. ఉడికించినా చేదు పోదు. ఉప్పు రాసి పిండే చిట్కా కాకరకాయకు సరే, దాని చేదు వేరే సంగతి. సొరకు ఆ లెక్క కుదరదు. పచ్చి సొరరసం మరీ ప్రమాదం. చేదుగా ఉంటే తాగవద్దని భారత వైద్య పరిశోధన మండలి కూడా హెచ్చరించింది.

మీకున్నది ఒకే పాదు కాబట్టి దాని కాయలన్నిటినీ అనుమానించాల్సిందే. నీళ్లు ఒకరోజు పోసి మూడు రోజులు మరిచినా, ఎండ దెబ్బ తగిలినా చేదు పెరగవచ్చు. విత్తనంలోనే ఆ గుణం ఉంటే ఎంత నీళ్లు పోసినా మారదు. కోసిన ప్రతి కాయా చివర చిన్న ముక్క నాలుకకు తాకించి ఉమ్మేయండి. రెండో కాయ కూడా చేదైతే పాదు పీకేయండి, విత్తనం దాచకండి, ఎవరికీ ఇవ్వకండి. దోస, బీర, పొట్ల కాయలకూ వండేముందు ఇదే పరీక్ష.

బుట్ట_బల్ల

పంచడం దగ్గర చాలామంది చేసే పొరపాటు ముదిరినవి ఇవ్వడం. ముందు మనింటికి లేతవి తీసుకుని, పందిరి మీద మరిచిపోయినవి పక్కింటికి పంపితే, రెండోసారి గిన్నె ఎదురు రాదు!

చిక్కుడు గింజ తడిమితే తెలిసీ తెలియనట్టు ఉన్నప్పుడే కోయాలి. గింజ ఉబ్బితే నార వస్తుంది. అంతకంటే ముఖ్యం, ముదురుకాయలు వదిలేస్తే పాదు శక్తి గింజ మీదికి పోయి కొత్త పూత తగ్గుతుంది. విత్తనానికి ఒక కొమ్మకు రిబ్బను కట్టి వదలండి, మిగతాదంతా రెండు రోజులకోసారి కోయండి.

కోత పొద్దున 8 గంటలలోపు. మధ్యాహ్నం కోసిన కాయలో వేడి ఉంటుంది, సంచిలో పడగానే చెమట పడుతుంది, సాయంత్రానికి మచ్చలు. కడగకుండా తుడిచి ఇవ్వండి.

పరిమాణం: నలుగురున్న ఇంటికి ఒక పూట కూరకు చిక్కుళ్లు పావుకిలోకు కాస్త పైన, వంకాయలు అరకిలోలోపు, టమాటాలు అరకిలో. ఒక కోతలో ఒక ఇంటికి ఒకే రకం. 12 ఇళ్లకూ ప్రతిసారీ తలా గుప్పెడు పంచితే ఎవరికీ కూర కాదు. కోతకు నాలుగిళ్లు చొప్పున వంతు పెట్టండి, ఆరు రోజుల్లో అందరికీ అందుతుంది. ఇంటింటి తలుపూ కొట్టడం ఇబ్బందైతే లిఫ్టు పక్కన చిన్న బల్ల, బుట్ట, చీటీ చాలు. చీటీ మీద కోసిన తేదీ, చివరిగా ఏం పిచికారీ చేశారో రాయండి. జీవామృతం, పంచగవ్య ఆకుల మీద కొట్టి ఉంటే, పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా ఆ వారం పంచకండి. పేడ కలిసిన ద్రావణాలవి.

వంకాయ ఫ్రిజ్‌లో పెట్టవద్దని కూడా చెప్పండి. 10 డిగ్రీల కంటే చల్లదనం తగిలితే పైన గుంటలు, లోపల గింజ నల్లబడటం. నీడన తడిగుడ్డ కప్పితే రెండు రోజులు ఉంటుంది.

మిరపకాయలు ఇస్తే చేతికివ్వకుండా పళ్లెంలో పెట్టండి. నమ్మకం ఉన్నా లేకపోయినా పెద్దవాళ్లు పట్టించుకుంటారు. ఇచ్చిన సంచిలోనే కూరగాయల తొక్కలు తిరిగి అడగండి, మీ కంపోస్టుకు అదే కరెన్సీ.

ఊట_జాడీ

నిల్వ సంగతి. ఈ నెలల్లో ఎండ పొడిగా ఉంటుంది, కాబట్టి టమాటాకు పచ్చడి, చిక్కుడుకు వరుగు. వానాకాలంలో ఈ రెండూ బూజుపడతాయి.

టమాటా నిల్వ పచ్చడి, కిలో కాయలకు: పూర్తిగా ఎర్రబడి గట్టిగా ఉన్నవే తీసుకోండి. పగిలినవి ఆ రోజు చారుకే. కడిగి, ఒక్క చుక్క తడి లేకుండా తుడిచి, ముక్కలు కోసి, 100 గ్రాముల రాళ్లుప్పు, అరచెంచా పసుపు కలిపి జాడీలో మూడు రోజులు ఊరనివ్వాలి, రోజూ ఒకసారి కలుపుతూ. మూడో రోజు ముక్కలు పిండి పళ్లెంలో ఎండబెట్టండి. గింజ, ఈనె తీసిన 100 గ్రాముల చింతపండు ఆ ఊటలోనే వేసి, దాన్నీ ఎండలో పెట్టండి. ముక్క వంగాలి గానీ గలగలలాడకూడదు. గలగలలాడితే రుబ్బుడు పడదు, పచ్చిగా ఉంటే వారానికి పైన తెల్లటి పొర. రెండు మూడు ఎండలు చాలు. రుబ్బాక 100 గ్రాముల కారం, పెద్ద చెంచా మెంతిపిండి కలపండి. పావులీటరు నువ్వులనూనె పోపు చల్లారాకే పోయాలి. పైన నూనె తేలకపోతే మరికాస్త కాచి చల్లార్చి పోయండి. ఇంగువ, వెల్లుల్లి మీ ఇష్టం.

చిక్కుడు వరుగు: ఈనెలు తీసి, ఉప్పునీళ్లలో సగం ఉడికించి, వడగట్టి, గుడ్డ మీద ఒక్క వరసగా పరచండి. సాయంత్రం మంచు పడకముందే లోపలికి తేవాలి. మూడు నాలుగు రోజులకు విరిస్తే టప్పుమనాలి. అప్పుడే డబ్బాలోకి.

గోరు_గిల్లి

పై సమాధానానికి ఒక చేర్పు: ఊరబెట్టడానికీ ఎండబెట్టడానికీ అల్యూమినియం వద్దు, పులుపుకు లోహం దిగుతుంది. గాజు, పింగాణీ వాడండి.

టమాటాలన్నీ ఒకేసారి పండకుండా చేయడం మీ చేతిలోనే ఉంది. కాయ అడుగున లేత గులాబీరంగు తిరగగానే కొన్ని కోసి, తొడిమ కిందికి ఉండేలా ఒక్క వరసగా గదిలో పెట్టండి. ఎండ అక్కర్లేదు, ఫ్రిజ్ అసలే వద్దు, వాసన చచ్చిపోతుంది. ఇలా కోసినవి గదిలో కొన్ని రోజులకు పండుతాయి. పంచడానికీ ఇవే మేలు, సంచిలో చితకవు.

పాదు_పందిరి

సొర రెండో కాయా చేదే, పాదు తీసేశాను. జామ ఎప్పుడు కోయాలి? రథసప్తమికి చిక్కుడు ఆకులు అడుగుతున్నారు, పాదుకు నష్టమా?

బుట్ట_బల్ల

జామ ముదురాకుపచ్చ పోయి లేత పసుపు తిరిగినప్పుడు, చిన్న తొడిమతో కత్తిరించండి. లాగితే తొడిమ చోట చిరిగి అక్కడే కుళ్లుతుంది. మూడు రోజుల్లో మెత్తబడుతుంది కాబట్టి కోసిన రోజే పంచేయండి.

ఆకులకు నష్టం లేదు. పూత లేని కింది ముదురాకులు ఇవ్వండి, పాదుకు గాలి ఆడుతుంది. పరమాన్నం వడ్డించేది వాటి మీదే కాబట్టి వెనక వైపు పేనుబంక (ఆకు రసం పీల్చే చిన్న పురుగులు) ఉందేమో చూడండి. ఉంటే పక్కన పడేసి వేరే ఆకు. రథానికి చిక్కుడుకాయలు కూడా అడుగుతారు, నాలుగు ముదురువి అట్టిపెట్టండి. పుల్లలు గుచ్చడానికి లేతవి నిలవవు.