450 వాట్ల పవర్ సప్లై మీద ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు నడుస్తుందా?

రాత్రి_రెండర్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నా డెస్క్‌టాప్‌లో ఐ5-10400ఎఫ్ ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో ఇళ్ల లోపలి డిజైన్లు చేస్తాను, అదే నా పని. కార్డు 4 జీబీదే కావడంతో గదిలో కర్టెన్లు, తివాచీ, నాలుగు మొక్కలు పెట్టేసరికి మెమరీ అయిపోయి రెండర్ (డిజైన్‌ని బొమ్మగా మార్చే పని) ఆగిపోతోంది. ఇక ప్రాసెసర్ మీద పెట్టేసి పడుకోవడమే. పొద్దున లేచి చూస్తే ఒక్క బొమ్మ.

అందుకని 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060 తెచ్చుకున్నాను. కార్డు ఇంకా పెట్టలేదు. డబ్బా మీద 550 వాట్ల సప్లై (మెషీన్‌కి కరెంటు అందించే పెట్టె) కావాలని ఉంది, నా దాని మీద 450 అని ఉంది. ఈ సప్లై నా పాత మెషీన్‌లోంచి తీసి పెట్టుకున్నది, తొమ్మిదేళ్లవుతోంది. ఇంతవరకు ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. కార్డుకి 170, ప్రాసెసర్‌కి 65, మిగతావాటికి ఓ యాభై వేసుకున్నా 300 లోపే కదా? నా లెక్క ఎక్కడైనా తప్పుతోందా?

ఇంకో విషయం. కార్డుకి 8 పిన్నుల సాకెట్ ఉంది, సప్లై నుంచి 6 పిన్నుల వైరు ఒక్కటే వస్తోంది. హార్డ్ డిస్కులకి కరెంటు ఇచ్చే సాటా ప్లగ్గులు రెండింటిని కలిపి 8 పిన్నులుగా మార్చే అడాప్టర్ ఒకటి దొరికింది. అది పెట్టొచ్చా? ప్రాజెక్టులన్నీ ఈ మెషీన్‌లోనే ఉన్నాయి, అందుకే టెన్షన్‌గా ఉంది.

ఫ్యాన్_స్పీడ్:

నడుస్తుంది అన్నా. నేను 450 మీదే 3060 ఏడాదిన్నరగా వాడుతున్నా. కంపెనీలు ఎప్పుడూ కాస్త ఎక్కువే రాస్తాయి. మీది 80 ప్లస్ అయితే ఇంకేం ఆలోచించకండి.

పాత_స్క్రూడ్రైవర్:

కార్డు ఇప్పుడే పెట్టకండి. ముందు కంప్యూటర్ పక్క తలుపు తీసి, ఫోన్ టార్చ్ వేసి, సప్లైకి అంటించిన స్టిక్కర్ చదవండి. అందులో ఒక గళ్ల పట్టిక ఉంటుంది. +12 వోల్టుల గడి కింద ఎన్ని ఆంపియర్లని ఉందో అది చెప్పండి. పెద్ద అక్షరాల 450తో నాకు పని లేదు.

80 ప్లస్ సంగతి కూడా చెప్తాను, చాలామంది ఇక్కడే పొరపడతారు. గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత భాగం వృథా కాకుండా లోపలికి చేరుతుందో చెప్పే ముద్ర అది. 12 వోల్టుల లైనుకి ఎంత బలముందో అందులో తెలియదు.

రాత్రి_రెండర్:

చూశానండి. 3.3 వోల్టుల కింద 20 ఆంపియర్లు, 5 వోల్టుల కింద 20, 12 వోల్టుల కింద 22. 12 వోల్టులకి గడి ఒక్కటే ఉంది.

పాత_స్క్రూడ్రైవర్:

నేను భయపడిందే అయింది. 22ని 12తో గుణించండి, 264 వాట్లు. మీ ప్రాసెసర్, కార్డు రెండూ దాదాపుగా ఈ ఒక్క లైను మీదే బతుకుతాయి. మిగతా వాట్లన్నీ 3.3, 5 వోల్టుల్లో ఉన్నాయి, అవి కార్డుకి అక్కరకు రావు. పాతకాలం డిజైన్లలో ఇది మామూలే.

మీ లెక్కలో తప్పు ప్రాసెసర్ దగ్గర ఉంది. 10400ఎఫ్‌కి 65 అనేది మామూలు వేగంలో ఉన్నప్పటి మాట. టర్బోలో, అంటే వేగం పెంచుకున్నప్పుడు, 134 దాకా వెళ్లడానికి దానికి అనుమతి ఉంది, కొన్ని మదర్‌బోర్డులు దాన్ని అక్కడే చాలాసేపు నిలబెడతాయి. 134కి 170 కలిపితే 304. హార్డ్ డిస్కు, ఫ్యాన్లు ఇంకా కలపనే లేదు. పైగా కార్డు 170 అంటే సగటు, మధ్యలో క్షణకాలం అంతకన్నా పైకి ఎగిరి దిగుతుంది. అలాంటి క్షణంలోనే సప్లై చేతులెత్తేస్తుంది. ప్లగ్గు పీకినట్టు మెషీన్ మొత్తం ఒక్కసారిగా ఆరిపోతుంది.

ఇంతవరకు ఇబ్బంది పెట్టలేదన్నారు. నిజమే, 1050 టీఐ 75 వాట్ల కార్డు, వైరు కూడా అక్కర్లేకుండా బోర్డు స్లాట్ నుంచే తాగుతుంది. ఈ తొమ్మిదేళ్లలో దీనికి అసలు పరీక్షే ఎదురై ఉండదు.

అడాప్టర్ మాత్రం వద్దు, దయచేసి వద్దు. సాటా ప్లగ్గులో 12 వోల్టులు మోసే పిన్నులు మూడు, ఒక్కోదాని హద్దు ఒకటిన్నర ఆంపియర్, అంటే ప్లగ్గుకి 54 వాట్లు. రెండు కలిపితే 108. కార్డు 8 పిన్నుల సాకెట్ నుంచి 150 దాకా లాగొచ్చు. పైగా ఆ రెండు ప్లగ్గులూ తరచుగా ఒకే సన్నటి వైరు మీద ఉంటాయి. నా రిపేరు బల్ల మీదకి అలాంటిది ఒకటి వచ్చింది. బయటికి చూస్తే ప్లగ్గు బాగానే ఉంది, లాగితే మాత్రం రాలేదు. లోపల ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ మైనంలా కరిగి, లోహానికి అతుక్కుని గట్టిపడిపోయింది. కత్తిరించి తీయాల్సి వచ్చింది. ఆ కంప్యూటర్ ఆయనకి వాసన తెలిసిందట గానీ, దుమ్ము కాలుతోందేమో అనుకున్నాడట.

6 నుంచి 8 పిన్నులకు మార్చే ముక్క కూడా అంతే. ఎక్కువగా ఉన్న ఆ రెండు పిన్నులూ 12 వోల్టులు తెచ్చేవి కావు, గ్రౌండ్‌వి. వాటిని చూసి కార్డు తనకు 150 వాట్లు దొరుకుతాయని నమ్ముతుంది. వెనక ఉన్న వైరుకి ఆ సంగతి తెలియదు.

కార్డు మార్చుకుని 4060 తీసుకుంటే 115 వాట్లే, కానీ 8 జీబీ. మీ బాధ మెమరీతో కాబట్టి 3060నే ఉంచుకోండి, సప్లై మార్చండి. 550 చాలు, 650 అయితే నిశ్చింత. ఎంత కొన్నా 12 వోల్టుల గడి చూసే కొనండి. మంచి 650లో అక్కడ 54 ఆంపియర్ల దాకా ఉంటుంది, అంటే దాదాపు మొత్తం వాట్లూ ఆ లైనులోనే దొరుకుతాయి.

ఫ్యాన్_స్పీడ్:

ఇప్పుడే నాది తెరిచి చూశా. 12 వోల్టుల కింద 36 ఆంపియర్లు, అంటే 432 వాట్లు. అన్నా, నా మాట పట్టుకుని కార్డు పెట్టకండి. మీ 450 వేరు, నా 450 వేరు.

కేబుల్_కట్ట:

సప్లై మార్చేటప్పుడు ఒక జాగ్రత్త. కొత్తది వైర్లు విడిగా వచ్చే రకమైతే, ఏ వైర్లు దానితో వచ్చాయో అవే వాడండి. డ్రైవ్ వైపు ప్లగ్గు అన్నిటికీ ఒకేలా ఉంటుంది, సప్లై వైపు మాత్రం పిన్నుల వరుస మోడల్‌ని బట్టి మారుతుంది. వెనకాల కట్టిన పాత సాటా వైరు విప్పే ఓపిక లేక, దాన్నే కొత్త సప్లైకి గుచ్చాను. చక్కగా పట్టింది. ఆన్ చేసిన క్షణంలోనే ఎస్‌ఎస్‌డీ పోయింది. మా అబ్బాయి పుట్టినప్పటి నుంచి మూడేళ్లు వచ్చేదాకా తీసిన ఫోటోలు అందులోనే ఉన్నాయి, కాపీ ఇంకెక్కడా లేదు. మీరు పని మొదలుపెట్టే ముందే ప్రాజెక్టులు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి.

రాత్రి_రెండర్:

పది రోజుల తర్వాత రాస్తున్నాను. 54 ఆంపియర్ల 650 వాట్లది పెట్టాను. ముందుగా ఫైళ్లన్నీ కాపీ తీశాను, పాత వైరు ఒక్కటి కూడా మిగల్చకుండా విప్పేశాను. మొక్కలున్న ఆ గది నిన్న రెండర్ చేస్తే గ్రాఫిక్స్ మెమరీ 7 జీబీ దాటింది, ఆగలేదు. కార్డు 165, 170 మధ్య చూపిస్తోంది. పొద్దుటిదాకా ఎదురుచూడకుండా, నేను కుర్చీలో కూర్చుని ఉండగానే బొమ్మ పూర్తయింది. అందరికీ, ముఖ్యంగా స్టిక్కర్ చదివించిన స్క్రూడ్రైవర్ గారికి ధన్యవాదాలు. పాత సప్లైని, 1050 టీఐని కలిపి మా చెల్లి చదువుకోవడానికి ఇంకో మెషీన్ కట్టొచ్చా?

పాత_స్క్రూడ్రైవర్:

చాలా సంతోషం. చెల్లికి కొత్త సప్లైనే పెట్టండి, చిన్నదైనా ఫర్వాలేదు. తొమ్మిదేళ్ల దాని మీద ఇంకో మెషీన్ కట్టమని నేను చెప్పను. పాతది పారేసే ముందు లోపల ఎలా ఉందో చూద్దామని మూత విప్పకండి. ప్లగ్గు తీసేశాక కూడా అందులోని పెద్ద కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంటు నిలిచి ఉంటుంది.